గోడ అవతలి చెవి

నిన్న సాయంత్రం పక్క వాటాలోకి కొత్తగా దిగినవాళ్లు గోడకు మేకు కొట్టారు. ఠక్, ఠక్, ఠక్ అని మూడు దెబ్బలు. నాకు తెలియకుండానే స్టీలు గ్లాసు అందుకుని, బదులు కొట్టడానికి గోడ దగ్గరికి నడిచాను. చెయ్యి ఎత్తాక గుర్తొచ్చింది, ఆ గోడ అవతల జైనబ్ బీ లేదని. ఆమె పోయి రెండేళ్లు దాటింది.

జనగామలోని ఈ సందుకు నేను ఇష్టపడి రాలేదు. దంతాలపల్లి దిక్కున మా ఊళ్లో భూములు ముందే పోయాయి, చివరికి కోటలాంటి మా దొరల గడి కూడా అమ్ముడైంది. పెళ్లి చేసుకోలేదు. ఇక్కడ ఒక పాత పెంకుటింటిని మధ్యలో సన్నటి గోడ కట్టి రెండు వాటాలు చేశారు. ఒకదాంట్లో నేను, ఇంకోదాంట్లో సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన జైనబ్ బీ. ఆమెకూ ఎవరూ లేరు. మూడేళ్లపాటు మా మధ్య నమస్కారం తప్ప మాట లేదు. ఆ నమస్కారమైనా ముందు ఆమే పెట్టాలని నేను ఆగేవాణ్ని. పాపం, ఆమే పెట్టేది.

ఆ రోజుల్లో నాకు దగ్గు పట్టుకుంది. రెండు చలికాలాలు వదల్లేదు. తెమడ పరీక్షలో ఏమీ లేదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు. సిరప్పులు తాగాను, గ్యాస్ గోలీలు మింగాను. ముగ్గురు డాక్టర్లను మార్చాను. ముగ్గురూ ఒకే ప్రశ్న అడిగారు, మీరేం చేస్తుంటారని. "వ్యవసాయం" అన్నాను ముగ్గురితోనూ, వీపు నిటారుగా పెట్టి. అది అబద్ధం. ఊరి బయట జిన్నింగ్ మిల్లులో, లోపలి షెడ్డులో మిషన్ల పక్కన నిలబడి, గింజ వేరైన దూదిలో చెత్త ఎంతుందో చూసే పని నాది. లోపలి పనే కావాలని అడిగి మరీ వేయించుకున్నాను. అక్కడైతే పత్తి అమ్మడానికొచ్చే మా ఊరివాళ్ల కంట పడను. సందులో వాళ్లకు మాత్రం భూమి కేసు మీద తిరుగుతున్నానని చెప్పేవాణ్ని. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, తెల్ల ధోవతి. మా ఇంట్లో మగవాళ్ల వేషం అదే. తెల్ల బట్ట మీద దూది కనబడదు కూడా.

ఒక ఆదివారం జైనబ్ బీ అల్లం చాయ్ గ్లాసుతో నా గడప దగ్గరికొచ్చింది.

"దొరా, జర గీ చాయ్ తాగు."

"నాకు అలవాటు లేదు."

"దగ్గు అలవాటు కాలేదా? చాయ్ గూడ అయితది." ఆమె నవ్వలేదు. "ఇయ్యాల పొద్దటిసంది ఒక్కసారన్న దగ్గినవా?"

ఆలోచించాను. దగ్గలేదు.

"ప్రతి ఆదివారం గిట్లనే. సోమవారం మాత్రం పానం పోయినట్టు దగ్గుతవు. మంగళవారం నుంచి జర తగ్గుకుంట వస్తది. ఎండకాలం అసలే లేదు. నేను చెవి పెట్టి వినలేదు, గోడనే గంత పల్చగున్నది. సోమవారం ఏడికి పోతున్నవు నువ్వు?"

"కోర్టుకు."

"కోర్టుకు పోతే దగ్గొస్తదా? నీ బట్టలు పిండిన నీళ్లు మా వాకిట్లకెళ్లే పోతయి దొరా. మోరీల దూది తేలుతున్నది."

నా ఒళ్లు మండిపోయింది. "నా సంగతి నీకెందుకు? నీ అసొంటోళ్లు మా గడిల గడప బయటనే నిలబడేటోళ్లు" అన్నాను.

ఆమె చాయ్ గ్లాసు గడప మీద పెట్టింది. "బయటనే నిలబడ్డ గద. గడే లేదు" అని వెళ్లిపోయింది.

మర్నాడు సోమవారం. సాయంత్రం పని నుంచి వచ్చాక దగ్గి దగ్గి నేల మీద కూలబడ్డాను. దగ్గు ఆగాక గోడ అవతల గ్లాసుతో మూడుసార్లు కొట్టిన చప్పుడైంది. ఉన్నావా అని అడగడం అది. నేను పలకలేదు. మళ్లీ కొట్టింది. పలికేదాకా కొడుతూనే ఉంది. చివరికి గడప మీద ముందురోజు నుంచి అలాగే ఉన్న ఆమె గ్లాసే తెచ్చి బదులు కొట్టాను.

మరుసటి రోజు నన్ను వెంటబెట్టుకుని దవాఖానకు వచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. "ఏం పని చేస్తరు?" అంది. జైనబ్ బీ చెబుతుందేమోనని ఆమె వైపు చూశాను. ఆమె గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చుంది. ఎంతసేపైనా అటే చూస్తుందని అర్థమైంది.

"జిన్నింగ్ మిల్లుల. లోపల, మిషన్ల కాడ" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. డాక్టరమ్మ మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

గొట్టంలోకి ఊదించి చూసింది. పత్తి దుమ్ముతో వచ్చే దగ్గట, సెలవు తర్వాతి రోజు ఎక్కువగా ఉంటుందట. ఆ దుమ్ములోంచి వెంటనే బయటపడాలి, ఇంకా ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులు మళ్లీ కోలుకోవంది. బయటికొచ్చాక జైనబ్ బీ అంది: "ఒక్క మాట చెప్పనీకి రెండేండ్లు పట్టింది తమ్మీ." ఆ రోజు నుంచి నన్ను దొరా అనలేదు.

మిల్లులో దుమ్ము తగలని పని ఒక్కటే ఉంది, గేటు దగ్గర బండ్లకు చీటీలివ్వడం. రోడ్డు మీద, అందరూ చూసే చోట. మూడు రోజులు తటపటాయించి, వెళ్లి కూర్చున్నాను. ఆ వారమే మా ఊరి యాదగిరి పత్తి ట్రాలీతో వచ్చాడు. వాళ్ల నాయిన మా గడిలో పని చేసినవాడు.

"దొరా! మీరా? గిక్కడ?"

చెవులు కాలిపోయాయి. "నేనే యాదగిరీ. ఇక్కడనే పని చేస్తున్న. బండి ముందలికి తియ్యి, ఎనక లైనున్నది."

తీశాడు. అంతే. ఇంకేమీ జరగలేదు. సాయంత్రం జైనబ్ బీతో ఈ సంగతంతా చెబితే, "దగ్గు?" అని ఒక్క మాట అడిగింది. లేదన్నాను. తలూపి లోపలికి వెళ్లింది.

దగ్గు పోయాక గోడకు ఇటువైపు నేనున్న గుర్తే లేకుండా పోయింది. అందుకేనేమో ఆమె రోజూ సాయంత్రం నమాజు అయ్యాక మూడుసార్లు కొట్టేది. నేను మూడు కొట్టేవాణ్ని. ఒక సాయంత్రం ఆమె కొట్టలేదు. నేనే ముందు కొట్టాను. జవాబు రాలేదు. గడప దగ్గర అన్న మాటకు క్షమించమని అప్పటికీ అడగలేదు. రేపు అడగవచ్చులే అనుకుంటూ వచ్చాను.

నిన్న మేకు కొట్టిన కాసేపటికే ఆ కొత్త మనిషి, చప్పుడు చేసినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పడానికి వచ్చాడు. "ఏం చేస్తుంటరు సార్?" అన్నాడు, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు.

"జిన్నింగ్ మిల్లుల పని. గేటు కాడ" అన్నాను, మాట తడబడకుండా. అతను గడప బయటే నిలబడి ఉన్నాడు. "లోపలికి రండి, చాయ్ పెడత" అన్నాను.

పనుంది, ఇంకోసారి వస్తానని వెళ్లిపోయాడు. గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది.