పిట్ట ఏ దిక్కున కూసింది?

ఆ ఆదివారం పొద్దున నేనూ గ్రేస్ అక్కా నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌లో ఒక పెద్ద చెట్టు కింద నిలబడ్డాం. అబిడ్స్‌లో ఒకే బడిలో టీచర్లం. సెప్టెంబరులో హిమాలయాల దిక్కు నుంచి వచ్చే వలసపిట్టల కోసం ఏటా తిరుగుతాం. గుప్పిట్లో ఇమిడే గ్రీనిష్ వార్బ్లర్ పిట్ట ఆకుల్లో కనబడదు. "చిస్‌వీ" అని కూసిన దిక్కుకు చూసి పట్టుకోవాలి.

"అగో, నీ కుడిపక్కనే కూసింది," అంది అక్క.

నాకు ఎడమవైపు వినిపించింది. కుడి చెవిలో దూది కుక్కినట్టుంది. లోపల ఒకటే హోరు.

"జలుబు చేసిందేమో, చెవిల జర నూనె పోసుకో," అన్నారు ఇంట్లో మావారు. ఆ మాట చెబితే అక్క ఫోన్లోనే కోప్పడింది. "నూనె గీనె వద్దు. రేపు బడికి రాకు, దవాఖానకు పో."

ENT డాక్టర్‌గారు చెవిలోకి చూసి "గులిమి ఏమీ అడ్డం లేదమ్మా" అన్నారు. వినికిడి కొలిచే ఆడియోమెట్రీ టెస్ట్‌కు హెడ్‌ఫోన్స్ పెట్టి చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఎడమ చెవిలో శబ్దం వచ్చినప్పుడల్లా బటన్ నొక్కాను. కుడి చెవి టెస్ట్ ఇంకా మొదలుకాలేదనుకుని ఎదురుచూస్తుంటే, టెస్ట్ చేసే అమ్మాయి తలుపు తీసి "అయిపోయింది మేడం" అంది. కుడి చెవిలో నాకు ఒక్క శబ్దమూ వినబడనే లేదు.

"సడన్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్. అంటే లోపలి చెవి దెబ్బతిని ఉన్నట్టుండి వినికిడి పోవడం. తొందరగా వచ్చి మంచి పని చేశారు. ఎంత తిరిగొస్తుందో మాత్రం చెప్పలేను," అన్నారు డాక్టర్‌గారు.

MRI నార్మల్ వచ్చింది. మందుగా ఇచ్చిన స్టెరాయిడ్స్‌తో షుగర్ పెరిగింది, నిద్ర పట్టలేదు. వినికిడి మాత్రం రాలేదు. కర్ణభేరిలోంచి చెవి లోపలికి ఇంజెక్షన్ ఇచ్చిన రోజు కళ్లు తిరిగి, లక్డీకాపూల్‌లో మా ఇంటి దాకా ఆటోలో ఏడుస్తూనే వచ్చాను.

"ఇంక నాకు పిట్టలెందుకక్కా?"

"చెవి పోతే కండ్లు గూడ పోయినయా? నేను వింట, నువ్వు చూడు. నడువ్."

వెళ్లాను. అక్క వార్బ్లర్ కూత వెంట పోతుంటే నేను ఊరికే కొమ్మలు చూస్తూ నిలబడ్డాను. ఒక ఎండుకొమ్మ మీద నుంచి ఏదో లేచి, గాల్లో పురుగును పట్టి, మళ్లీ అక్కడే వాలింది.

"అక్కా, గాడ చూడు!"

బ్రౌన్ ఫ్లైక్యాచర్. అదీ వలసపిట్టే, ఎక్కువగా కూయదు. కూతల వెంటే తిరిగే మేము ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారీ చూడలేదు. అక్క నా భుజం పట్టుకుని ఎగిరినంత పని చేసింది.

మరో రెండు ఇంజెక్షన్ల తర్వాత మావారి గొంతు కుడి చెవికి అందింది. సన్నని శబ్దాలు ఇప్పటికీ సరిగా రావు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకుని పాఠం చెబుతున్నాను, ఆదివారాలు అక్కతో తిరుగుతున్నాను.

మీకు ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే, ఫోన్ ఒకసారి ఆ చెవికి, ఒకసారి ఈ చెవికి పెట్టి చూడండి. తేడా ఉంటే తగ్గుతుందిలే అని ఆగకండి. ఆ రోజే ENT దగ్గరికి వెళ్లి ఆడియోమెట్రీ చేయించుకోండి.