తిమ్మప్ప చెయ్యి వేసిన బంతి

తిమ్మప్పకు ఒక చోట కుదురుగా కూర్చోవడం పుట్టుకతోనే రాలేదు. అటువంటివాణ్ణి దేవుడు తీసుకొచ్చి గద్వాలలో, అదీ నేతగాళ్ళ ఇంట్లో పడేశాడు. పొద్దంతా కదలకుండా కూర్చుంటే తప్ప పూట గడవని ఇల్లు అది. గద్వాల చీర ఒక్క మనిషితో అయ్యే పని కాదు. నడుమ నూలు, అంచుకు పట్టు. నేసేవాడు అడ్డపోగు మోసే నాడె విసిరిన ప్రతిసారీ పక్కన కూర్చున్న మనిషి అంచు పోగును నడిమి పోగుతో మెలివేసి అందించాలి. తండ్రి దశరథం పక్కన ఆ చోటు తిమ్మప్పది. ఆరో ఏట నుంచీ అదే చోటు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎక్కడైనా పోగు తెగి వేలాడితే, చేతిలో పనీ నోట్లో మాటా ఆపేసి ముందు దాన్ని ముడి వెయ్యాలి. ఆలస్యమైతే వేళ్ళ మీద దెబ్బ పడేది. దెబ్బలకు కొదవ లేదు గానీ, మెచ్చుకోవడం మాత్రం దశరథానికి చేతకాదు. కొన్నవాళ్ళు కళ్ళకద్దుకున్న చీరను కూడా ఆయన ఏనాడూ బాగుంది అనలేదు.

పొద్దున, సాయంత్రం మగ్గం, నడుమ బడి. ఆ బడిలో తిమ్మప్పకు ఉర్దూ రాలేదు, లెక్కలు రాలేదు. పదిహేనో ఏట, అంటే పంతొమ్మిది వందల నలభై ఒకటిలో, ఫుట్‌బాల్ మాత్రం వచ్చింది. నేర్పినవాడు డ్రిల్లు మాస్టరు గౌస్ సాబు. పల్టన్‌లో సిపాయిగా పనిచేసి వచ్చిన మనిషి. ముందు కోపం పుట్టి, ఆ తర్వాత ఆయన పుట్టాడని పిల్లలు చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఒకసారి ఎవడో ఎదురుగా ఉన్న గోలు కొట్టలేకపోతే బూటు విప్పి వాడి మీదికి విసిరాడు. అది ముళ్ళకంపలో పడింది. వెళ్ళి తెచ్చుకోవడానికి అభిమానం అడ్డొచ్చి, పొద్దు గూకేదాకా ఒంటి బూటుతోనే పరుగెత్తాడు. నవ్విన పాపానికి పదకొండు మందీ ఎండిన చెరువు చుట్టూ మూడు చుట్లు కొట్టారు.

అటువంటి మనిషి తిమ్మప్ప కాళ్ళు చూసి నిలబడిపోయాడు. కుడికాలితో ఎంత జోరుగా తంతాడో ఎడమకాలితోనూ అంతే.

"ఎవడు నేర్పిండురా నీకు?"

"మగ్గం, సాబ్. నాయన లేస్తే మగ్గం గుంటల దిగి రెండు కాళ్ళతోని నేనే తొక్కాలె గద."

ఆ రోజు నుంచి గౌస్ సాబు వాణ్ణి అందరికంటే రెండింతలు తిట్టాడు. తిమ్మప్పకు ఆ తిట్లు తియ్యగా ఉండేవి. తనను ఒకరు అంత పట్టించుకోవడం వాడికి కొత్త.

ఇంతలో దశరథం బడి చాలన్నాడు. కొడుకు చేతికి అందివచ్చాడు, ఇక పూర్తిగా మగ్గంలో కూర్చోవాలన్నాడు. తెలిసిన మరుక్షణం గౌస్ సాబు బెత్తంతో సహా ఇంటికొచ్చి పడ్డాడు. వచ్చే నెల వనపర్తి పిల్లలతో ఆట ఉందనీ, గెలిచిన జట్టు హైదరాబాదు పోతుందనీ, అక్కడ మంచి ఆటగాణ్ణి ఉంచుకుని తిండి పెట్టి చదివించే బడి ఉందనీ గుమ్మంలోనే నిలబడి అరిచి చెప్పాడు.

దశరథం నాడె ఆపకుండానే విన్నాడు. "గెలిస్తే తోల్కపోండ్రి సాబ్, నేను అడ్డం రాను. నా పక్కకు ఇంకో మనిషిని కూసోబెట్టుకుంట. ఓడితే మాత్రం పోరడు మగ్గం ఇడిచి లేవొద్దు."

ఆ నెలంతా తిమ్మప్పకు కాలు నిలవలేదు. అన్నం ముందు మోకాళ్ళు ఆడించేవాడు. అంచు పోగు అందిస్తూనే బొటనవేలితో నేలను తన్నేవాడు. పడుకుంటే పక్కబట్ట కాళ్ళకింద నలిగి ఉండలు కట్టేది. చిన్నప్పటి నుంచీ ఒంట్లో తిరుగుతున్న ఆ ఆరాటానికి దారి దొరికినట్టే దొరికి, ఒక్క ఆట మీద నిలబడింది. వాడికి భయంగా ఉంది, ఆ మాట చెప్పుకోవడానికి మనిషి లేడు.

రైల్లో వనపర్తి రోడ్డు స్టేషన్ దాకా పోయి, అక్కణ్ణుంచి ఎడ్లబండ్లలో ఊరు చేరారు. మైదానం చుట్టూ జనం. చెరొక గోలూ పడింది. ఆట ఇంకో పది నిమిషాలుంది. అప్పుడు బంతి తిమ్మప్ప ముందుకు దొర్లుకుంటూ వచ్చింది. వెనక తమ గోలు, పది బారల్లో ఎదుటివాడు ఒక్కడూ లేడు. ఒక్క తన్ను తన్ని బంతిని దూరం పంపితే సరిపోయేది.

ఆ రోజుల్లో బంతి నోటిని తోలుతాడుతో అల్లి కట్టేవాళ్ళు. ఆ తాడు తెగింది. బంతి దొర్లుతుంటే దాని కొస బయటికొచ్చి ఊగుతోంది.

తిమ్మప్ప మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బంతిని ఒడిలోకి తీసుకున్నాడు. తెగిన కొసలు రెండూ కలిపి, వేళ్ళతో పురిపెట్టి, ముడి వేశాడు.

ఈల మోగింది. జనం నవ్వారు. గౌస్ సాబు బెత్తం ఎత్తి మైదానంలోకి ఉరికొచ్చాడు.

"ఏంజేస్తున్నవ్‌రా?"

"తెగింది సాబ్" అన్నాడు తిమ్మప్ప. చేతుల్లో ఉన్నది ఏమిటో అప్పుడు చూసుకున్నాడు.

ఎత్తిన బెత్తం వాడి మీద పడలేదు. గౌస్ సాబు ఈల ఊదినవాడి మీదికి తిరిగాడు. తెగిన బంతితో ఆటేమిటని కేకలేశాడు, ఇద్దరు పట్టుకుంటే గానీ ఆగలేదు. ఎంత అరిచినా, తమ గోలు ముందు బంతిని చేత్తో పట్టినందుకు పడిన పెనాల్టీ పెనాల్టీయే. ఆ గోలుతో వనపర్తి పిల్లలు గెలిచారు. తిరుగు దారంతా ఆయన బండివాణ్ణి, ఎడ్లను, రైలును, టికెట్టు చూసేవాణ్ణి వరసపెట్టి తిట్టాడు. తిమ్మప్పను మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ మినహాయింపే వాణ్ణి ఎక్కువ కాల్చింది.

మర్నాడు పొద్దున్నే గౌస్ సాబు మళ్ళీ ఆ ఇంటికొచ్చాడు. ఇంకొక్క ఏడాది గడువు అడగాలని వచ్చాడు. పాపం, బతిమాలడం ఆయనకు రాదు. తెలిసిన విద్య ఒక్కటే, తిట్టడం. అదే మొదలుపెట్టాడు.

"నీ వల్లనే ఓడినం, దశరథం. పోరడు ఆటల లేడు, నీ మగ్గంలనే ఉన్నడు. వెయ్యిమంది చూస్తుంటే, గోలు ముంగట కూసోని తెగిన తాడుకు ముడేసిండు. గిట్ల చేస్తివి వాణ్ణి. ఇంకొక్క ఏడు నా చేతికియ్యి, ఆ అలవాటు నేను ఇడిపిస్త."

దశరథం నాడె ఆపాడు. ఆ ఇంట్లో పని వేళ నాడె ఆగడం అరుదు.

"అంత లొల్లిల తెగింది చూసిండా?"

"చూసిండు. అదే చెప్తున్న గద."

"ఉరుకుతున్న బంతి మీద?"

"అవ్."

దశరథం మెల్లగా కొడుకు వైపు తిరిగాడు. ముఖంలో తిమ్మప్ప ఎప్పుడూ చూడనిదేదో ఉంది. కళ్ళు చెమ్మగిల్లాయి.

"నాకు గూడ దొరకని చూపు ఇది, సాబ్. మా నాయనకుండె. నా కొడుక్కొచ్చింది. మంచి నేతగాడైండు నా కొడుకు. గిట్లాంటోణ్ణి ఎట్ల ఇడుస్త చెప్పండ్రి?"

గౌస్ సాబు బెత్తం చంకలో పెట్టుకుని తిమ్మప్ప ముందుకొచ్చాడు. మొదటిసారి గొంతు తగ్గించాడు.

"నువ్వు చెప్పురా. ఆడుతనంటే, నేను కొట్లాడి అయినా తోల్కపోత. నేస్తవా, ఆడుతవా?"

తిమ్మప్ప కాళ్ళు రెండూ నేలను తంతున్నాయి. అవి ఆడతాననే అంటున్నాయి. కానీ ఎదురుగా తండ్రి ఇంకా తన వైపే చూస్తున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆ చూపు కోసం వాడు ఎన్ని పోగులు కలిపాడో వాడికే తెలుసు.

"నేస్త సాబ్" అన్నాడు.

అది అబద్ధం. దాన్ని నిజం చేస్తూ తిమ్మప్ప యాభై రెండేళ్ళు ఆ మగ్గంలో కూర్చున్నాడు.