ఫోర్‌మన్ మీద పగ

సెలవు రోజు తెల్లవారకముందే మేనేజర్ ఫోన్ చేసి డ్యూటీకి రమ్మన్నాడు. నెలల తరబడి సరిగా నిద్రలేకపోయినా "సరే సార్" అన్నాను. ఆర్మూర్ బస్టాండులో కూర్చుని అతని మీద పగ తీర్చుకునే దారులు వెతికాను. పగకైనా సెలవు దొరకని ఉద్యోగం నాది.

పక్క బెంచీ మీద పడుకున్న ఒకాయన ఫోన్‌లో అలారం మోగింది. ఆపేసి, నవ్వుకుని మళ్ళీ పడుకున్నాడు.

"లేస్తలేవేందన్నా, బస్సు పోతది."

"గది దుబాయ్ డ్యూటీ అలారం తమ్మీ. ఫోర్‌మన్ నన్ను ఏండ్లకేండ్లు పండుకోనియ్యలే. వాపసొచ్చినంక రోజు గదే టైంకు మోగిస్త, వాన్ని జర తిట్టి మళ్ల పండుకుంట."

"గది వానికెట్ల తెలుస్తది?"

"వానికెందుకు తెల్వాలె? నాకు నిద్ర పడితే సాలు."

మేనేజర్ మళ్ళీ ఫోన్ చేశాడు. మనసారా తిట్టుకుని, ఫోన్ ఆపేసి కళ్ళు మూసుకున్నాను. లేచేసరికి మొహం మీద ఎండ పడుతోంది, బస్సు వెళ్ళిపోయింది. అంత హాయిగా నేనెన్నడూ ఎవరి మీదా పగ తీర్చుకోలేదు.