జడ్జమ్మ రాసుకున్న రెండు పేర్లు

ఈ ఉదయం మా ఊరి కోర్టు ముందు ట్రాలీ ఆటోలోంచి ఒక ఎత్తు కుర్చీని దించుతున్నారు... ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. సర్కారు నిధులిచ్చిందట, ఇంకో జడ్జి వస్తున్నారట. టీ కొట్టు దగ్గర చెప్పుకుంటున్నారు.

మా చిన్నప్పుడు ఈ కోర్టుకు సొంత జడ్జే లేరు... వేరే ఊరి జడ్జిగారు వారానికోసారి వచ్చేవారు. వరండా నిండా జనం. మా పిలుపు రాకముందే పొద్దుగూకేది. మళ్లీ వాయిదా...

ఎదురుచూసేది మా అమ్మ.

నాన్న పేరు మల్లేశం. బొగ్గుబాయిలో మాత్రం రాజయ్య. రాజయ్య అనే ఊరాయనకు ఉద్యోగం వస్తే, ఆయన బాయిలోకి దిగడానికి భయపడ్డాడట. ఆ పేరు మీద నాన్న దిగాడు. ఆ రోజుల్లో మా దగ్గర అది వింతేమీ కాదు... కానీ నాన్న జబ్బుచేసి పోయాక, ఆ ఉద్యోగం అమ్మకు రావాలంటే బాయిలో పనిచేసిన రాజయ్య మా మల్లేశమేనని కోర్టు తేల్చాలి. తేల్చకపోతే ఉద్యోగం లేదు. మేముంటున్న కంపెనీ క్వార్టర్ కూడా ఖాళీ చేయాలి.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా కోర్టుకు సర్కారు ఒక జడ్జిని ఇచ్చింది. జడ్జమ్మ! రోజూ ఉంటారట...

ఆ వాయిదాకు అమ్మ ఒక సంచి నిండా సీతాఫలాలు పట్టుకుంది. నేను కాన్వెంటు యూనిఫాంలోనే వెంట వెళ్లాను. గుమ్మంలో బంట్రోతు ఆపాడు.

"ఏందక్కా గది?"

"జడ్జమ్మకు... మా చెట్టుయే తమ్మీ."

"అయ్యో, లోపలికి తేకు! ఆమెకు సర్కారు జీతమిస్తది. నువ్వు పండ్లు తెస్తివి, మరి తేలేనోళ్లు ఏం గావాలె?"

అమ్మ సంచిని బెంచీ కిందికి తోసేసింది. లోపల టైపు మిషన్ చప్పుడు, పైన కొత్త ఫ్యాను... అమ్మ నా చెవిలో అడిగింది.

"గీ ఫ్యాను, గా టైపు చేసెటాయిన... అంతా సర్కారు ఖర్చేనా? మనసొంటోళ్ల కోసమేనానే?"

నేను తలూపాను. టైపు చప్పుడు ఆగినప్పుడు, మా స్కూలు ప్రార్థన గదిలో కూడా అంత నిశ్శబ్దం ఎరగను.

మా సాక్షి ఓదెలు కాక. నాన్నతో కలిసి పనిచేసి రిటైరైనవాడు, మందమర్రి నుంచి బస్సులో వచ్చాడు. బోను ఎక్కి నిలబడ్డాడు.

"మీ పేరు?" అడిగారు జడ్జమ్మ.

కాక తల గోక్కున్నాడు. "ఏది చెప్పాలె మేడం? బాయిలదా, ఇంటిదా?"

గదంతా గొల్లున నవ్వింది. వెనక నుంచి ఎవరో, "ఇంకోటి కూడా ఉన్నదేమో అడగుండ్రి!" అన్నారు. మా వకీలు నుదురు పట్టుకున్నాడు. సాక్షికే రెండు పేర్లుంటే ఇక మా మాట ఎవరు నమ్ముతారు?

జడ్జమ్మ నవ్వలేదు. అందరూ ఊరుకునే దాకా ఆగారు. తర్వాత కలం అందుకున్నారు.

"రెండూ చెప్పండి. రెండూ రాసుకుంటాను."

కాక మెల్లగా రెండూ చెప్పాడు. ఆవిడ రాసుకున్నారు. అప్పుడు నాన్న గురించి అడిగారు.

"బాయిల రాజయ్య, గడప దాటితే మల్లేశం. మనిషి ఒక్కడే, మేడం. నా పక్కనే కూసోని సద్ది తినేటోడు."

అదీ రాసుకున్నారు...

మా నాన్న రెండు పేర్లకూ ఈ లోకంలో చోటున్న గది అదొక్కటేనని నాకప్పుడు అనిపించింది. ఇన్నేళ్లయినా ఆ ఆశ్చర్యం తగ్గలేదు.

తీర్పు మావైపు వచ్చింది. అమ్మకు ఉద్యోగం వచ్చింది. క్వార్టర్ నిలిచింది.

ఇప్పుడు బాయిలూ తగ్గాయి, మారుపేర్ల మనుషులూ ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు... మీ ఇంట్లోనూ రెండు పేర్ల మనిషి ఉండేవారా? ఉంటే రెండూ రాయండి, చదువుతాను.

ఆ జడ్జమ్మ పేరేమిటో మేమెవ్వరం అడగలేదు.