మామిడి చెక్క మీద టేకు రంగు

మా ముత్తాత ఒక పెద్ద జాగీరులో ఫరాష్‌ఖానాకు, అంటే ఇంటి సామాను కొట్టుకు, దారోగా. తివాచీ మొదలు తలుపు గడియ దాకా జాగీర్దారు ఉండే దేవిడీలోకి వచ్చే ప్రతి వస్తువూ ఆయన చూసి ఒప్పుకుంటేనే గడప దాటేది. ఆయన తర్వాత మా తాత అదే కొలువు చేశారు. కర్రను గోటితో గీకి, వాసన చూసి, బాగుంటే సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీసేవారు. ఆ గీత ఉన్న దుంగను మళ్లీ ఎవరూ పరీక్షించేవారు కాదు. మా నాన్న కాలానికి కొలువు పోయింది, గుర్రపు బండి పోయింది. గీత మాత్రం మిగిలిందనుకున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను ఆబిడ్స్‌లో ఒక ఫర్నిచర్ దుకాణంలో పనికి కుదిరాను. నాంపల్లి స్టేషన్‌కు దగ్గరలో కొత్తగా కట్టిన దవాఖానకు లోపలి చెక్క పనంతా ఆ దుకాణానిదే: తలుపులు, మందుల అలమారాలు, మంచాల పక్కన బల్లలు. కర్ర చూసి గీత గీయడం నా పని. దవాఖాన పని చూసి సంతకం పెట్టే ముసలి ఇంజనీరుకు మా తాత గీత గుర్తుంది. అది ఉంటే చాలన్నాడట. దుకాణం సేటు నన్ను పెట్టుకున్నది అందుకేనని తర్వాత తెలిసింది.

అప్పటికి బర్మా టేకు రావడం ఆగిపోయింది. ఒకరోజు అలమారాల కోసం వచ్చిన పలకలకు ముందే రంగు పూసి ఉంది. గోటితో గీకాను. లోపల తెల్లగా మామిడి చెక్క.

"గిదేంది?" అని వడ్రంగి మేస్త్రీని అడిగాను.

"నన్నడుగుతరేంది దొరా. మీ గోరుకు తెల్వదా," అన్నాడు, చిత్రిక పట్టడం ఆపకుండానే.

దవాఖానలో రోజూ ఫినాయిలు నీళ్లతో కడుగుతారు. రెండు వానాకాలాలకు మామిడి చెక్క ఉబ్బి పగులుతుంది, పగుళ్లలో నల్లులు చేరతాయి. జిల్లాల నుంచి రైలు దిగి వచ్చే రోగులు ఆ బల్లల పక్కనే పడుకోవాలి. సేటుకు ఇదంతా చెప్పాను.

"రోగులు గోర్లతోటి గీకి చూస్తరా దొరవారూ? జర గీత గీయుండ్రి. లడాయి ఖతమైనంక టేకు ఏయిద్దాం."

"మా తాత గీత అబద్ధానికి గీయను."

"మీ తాత కొలువుల ఉండె. మీరు నా దుకాణంల ఉన్నరు. రెండూ ఒకటేనా?"

సుద్దముక్క ఆయన ముందు పెట్టి బయటికి వచ్చేశాను.

ఇంట్లో చెప్పలేదు. ఒక దుకాణదారు మా ఇంటివాణ్ని అబద్ధమాడమన్నాడని అమ్మకు ఏ నోటితో చెప్పను? రోజూ అదే వేళకు తలపాగా చుట్టుకుని బయలుదేరి, బాగేఆం తోటలో కూర్చుని, సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ని. రెండో నెలకు అమ్మకు అర్థమైంది. పాత సామాను అమ్మిపెట్టే దలాల్‌ను పిలిపిస్తానంది.

వస్తువు అమ్మడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దలాల్ పెరటి వాకిట్లోంచి వస్తాడు. మేము బేరం ఆడం, కొనేది ఎవరో అడగం. పేరు తెలిస్తే రేపు వాళ్లు ఎదురైనప్పుడు తల దించుకోవాల్సి వస్తుందని నాన్న అనేవారు.

"కొనెటోళ్లెవరో ఈసారన్న అడగనా బిడ్డా?" అంది అమ్మ. "దివాన్‌ఖానా తలుపులాయె."

"ఎన్నడన్న అడిగినమా అమ్మా? ఇప్పుడేంది," అన్నాను.

మర్నాడు తలుపులు వెళ్లిపోయాయి. అతిథులను కూర్చోబెట్టే గదికి అమ్మ పాత దుప్పట్లు కట్టింది.

దవాఖాన తెరిచిన రోజు జనంలో నేనూ వెళ్లాను. ముందు వాకిట్లోనే ఆగిపోయాను. తలుపు కింది మూల ఒక గాటు. మా దివాన్‌ఖానా ముందు మా ముత్తాత పల్లకీని బోయీలు దించుతుంటే బొంగు తగిలి పడిన గాటు అది. పైన కొత్త రంగు పూశారు గాని అది పూడలేదు.

సేటు నన్ను చూసి దగ్గరకొచ్చాడు.

"మీ దలాల్ తాన నేనే కొన్న. గీత లేదని ఇంజనీరు సాబ్ గీ తలుపునే గీకి చూసిండు దొరవారూ. అసలు టేకే. లోపట ఇంకోటి ముట్టకుండనే సంతకం పెట్టిండు. మీరు గీయకుంటేంది, మీ తలుపే గీసింది."

లోపల వరసగా మామిడి అలమారాలు నిగనిగలాడుతున్నాయి. వాటిని ఎవరూ గీకి చూడకుండా వాకిట్లో అడ్డంగా నిలబడింది మా తలుపే. ఆ మనిషి మీద నాకు కోపం ఈనాటికీ తగ్గలేదు. అమ్మ అడగనా అన్నప్పుడు వద్దన్న నా మీదైతే అసలే తగ్గలేదు.

ఆ ఏడు మా ఇంటి నుంచి అమ్ముడుపోయినవి దివాన్‌ఖానా తలుపులు మూడు జతలు, దర్వాజా చౌకట్లతో సహా.