వాటర్ స్కూటర్ చూడటానికి భీమిలి వెళ్ళొచ్చాం

ఉదయం ఆరుంపావుకి నర్సీపట్నం కాంప్లెక్సులో విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు. బ్యాగులో ఒక జత బట్టలు, తువ్వాలు, రెండు పులిహోర పొట్లాలు. నేను ఇక్కడి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయినిని. సెలవుల్లో రేవుపోలవరం తీరంలో ఈత నేర్పుతుంటాను.

పోయిన వేసవిలో అక్కడ స్నానానికి దిగిన భార్యాభర్తలను అల లోపలికి లాక్కుపోయింది. నేను ఈదుకుంటూ వెళ్ళి ఆవిడను పట్టుకున్నాను. జాలర్లు పడవ తోసుకుని ఆయన కనిపించిన చోటికి చేరేసరికి అక్కడ ఉత్త నీళ్ళే ఉన్నాయి. ఆ తర్వాత తీరంలోని వాళ్ళమంతా కలిసి ఒక వాటర్ స్కూటర్ కొనాలనుకున్నాం. కొత్తది మా వల్ల కాదు. భీమిలిలో ఒకాయన పాతవి అమ్ముతున్నాడని తెలిసింది. ఫోన్లో ఫొటోలు చూసి అందరూ తీసేసుకుందామన్నారు. నూకరాజు గారు చూడకుండా వద్దన్నాను నేను.

నూకరాజు గారు ముప్ఫయ్యేళ్ళుగా పడవ ఇంజన్లు బాగుచేస్తున్నారు. ఏడింటికి తాళ్ళపాలెం జంక్షన్లో ఎక్కి, పనిముట్ల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. పక్క సీట్లో జీడిపిక్కల బస్తాతో ఉన్న పెద్దావిడ మా మాటలు విని అడిగింది.

"ఏటి కొంటన్నారమ్మా?"

"నీళ్ళమీద నడిచే స్కూటరండీ."

"సక్రాలుంటాయా దానికి?"

"ఉండవు మామ్మా. ఎనకనుంచి నీళ్ళు సిమ్ముకుని పోద్ది" అన్నారు నూకరాజు గారు.

తొమ్మిదిన్నరకు విశాఖలో దిగి, ఇడ్లీ తిని, భీమిలి బస్సు పట్టుకున్నాం. పదకొండింటికి తీరం పక్కనున్న షెడ్డు చేరాం. యజమాని ఎదురొచ్చి, ఎర్రరంగు బండి ముందు నిలబెట్టాడు. అద్దంలా మెరుస్తోంది. బటన్ నొక్కగానే ఇంజను అందుకుంది. నాకు నచ్చేసింది.

నూకరాజు గారు దాన్ని ఆపించి, సీటు ఎత్తి, ఇంజను మీద చెయ్యి పెట్టారు.

"ఏటండీ, ఎచ్చగుంది? మేం రాకముందే నడిపేరా?"

"ఊరికే ఒకసారి చూశానండీ."

"ఎచ్చగుంటే ఏ ఇంజనైనా లేస్తాది. సల్లారనీండి. అప్పుడు సూద్దాం."

మధ్యాహ్నం ఇంకో పార్టీ వస్తోందని యజమాని విసుక్కున్నాడు. ముందు వాళ్ళకే చూపించమన్నారు నూకరాజు గారు, తాపీగా. మేం షెడ్డు నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. గంటన్నర గడిచినా ఏ పార్టీ రాలేదు.

చల్లారాక బటన్ నొక్కితే ఏడోసారికి గానీ ఇంజను అందుకోలేదు. తెల్లటి పొగ కమ్మింది. నూకరాజు గారు నూనె కొలిచే పుల్ల బయటికి లాగి నాకు చూపించారు. తేనె రంగులో ఉండాల్సిన నూనె పాల టీ రంగులో ఉంది.

"నూనె మారిస్తే సరిపోతుంది" అన్నాడు యజమాని.

"ఉప్పునీరు ఇంజన్లోకెల్లింది బాబూ. పీకలదాకా మునిగినోడి కాడికి ఎల్తా ఎల్తా ఇది ఆగిపోతే?"

ఇక వెళ్దామని లేస్తుంటే షెడ్డు మూల టార్పాలిన్ పట్టా కింద మరో బండి కనిపించింది. నీలం వెలిసిపోయి, పక్కలంతా గీతలు. అది మీకు నచ్చదేమో అంటూనే యజమాని పట్టా తీశాడు. ఇంజను చల్లగా ఉంది. రెండోసారికే అందుకుంది. నూనె శుభ్రంగా ఉంది. నూకరాజు గారు ప్లగ్గులు విప్పి, గేజి పెట్టి సిలిండర్లన్నీ చూశారు. అన్నీ దాదాపు ఒకే ఒత్తిడి చూపించాయి. వెనక పంపు రెక్కలను వేలితో తడిమారు, అడుగున పగుళ్ళకోసం టార్చి వేశారు. కాగితాల మీది ఇంజను నంబరు నేను సరిచూశాను.

"ఇంక నీళ్ళే సెప్పాల" అన్నారాయన.

మూడింటికి బండిని సముద్రంలో దింపాం. ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని అలలు దాటాను. లైఫ్ జాకెట్ వేసుకున్న ఆ అరవయ్యేళ్ళ మనిషి ఉన్నట్టుండి నీళ్ళలోకి దూకేశారు. చెయ్యి పైకెత్తి, "మునిగిపోతన్నాను టీచరమ్మా! రండి!" అని అరిచారు.

బండి తిప్పుకుని వేగంగా వెళ్ళి, ఆయనకు తగులుతుందన్న భయంతో వేగం పెంచే గ్యాస్ మీట పూర్తిగా వదిలేశాను. హ్యాండిల్ తిప్పినా బండి తిరగలేదు. నేరుగా ఆయన్ని దాటిపోయింది.

"గ్యాస్ ఒగ్గేస్తే నీళ్ళు సిమ్మదు, తిరగదండీ! కొంచిం ఉంచి తిప్పండి!"

రెండోసారి కొంచెం గ్యాస్ ఉంచి చుట్టూ తిరిగి వచ్చాను. దగ్గరయ్యాక వదిలాను. బండి మెల్లగా ఆయన పక్కకు చేరింది. చెయ్యి అందించి పైకి లాగాను. తర్వాత ఇంకో ఆరుసార్లు దూకించాను. అరగంట నడిపినా ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. ఒడ్డుకొచ్చి బండి అడుగు బిరడా తీస్తే లోపల చేరిన నీళ్ళు గ్లాసుడు కారాయి, అంతే. బేరం అక్కడే ఖాయమైంది. ఆదివారం వ్యాన్‌లో రేవుపోలవరం పంపిస్తానన్నాడు యజమాని.

అయిదున్నరకు విశాఖలో తిరుగు బస్సెక్కాం. జుట్టునిండా ఉప్పు, భుజాలు సలుపుతున్నాయి. ఇలాంటి బండి కోసం ఎవరైనా బయల్దేరితే రోజంతా చేతిలో ఉంచుకుని వెళ్ళమంటాను. ఇంజను చల్లారేదాకా ఆగాలి. నీళ్ళలో దింపకుండా మాట ఇవ్వకూడదు. నాకు మాత్రం ఆ రోజు బండికంటే ముందు నా చేతుల మీద నమ్మకం కుదిరింది.

తాళ్ళపాలెంలో దిగుతూ నూకరాజు గారు వెనక్కి తిరిగారు.

"ఆదివారం బండి దిగీసరికి వచ్చీండి. మల్లీ దూకుతాను. ఈపాలి బేగి రావాల."

"మీరు చెయ్యెత్తేలోపే వస్తానండీ" అన్నాను.