జేబు మీద XL

ఆ వీధిలో అందరూ ఆయన్ని కొలతలాయన అంటారు. ఎదురుపడ్డ మనిషి ముఖం కంటే ముందు భుజాలు చూస్తాడు. పేరు మరిచిపోతాడు గానీ నడుము చుట్టుకొలత మరిచిపోడు. నలభై ఏళ్లకు పైగా కుట్టుపని చేస్తున్నా తన కొట్లోంచి ఒక్క తప్పు చొక్కా బయటికి పోలేదని ఆయన గొప్ప. ఆ గొప్పను రోజుకు రెండుసార్లు వినే భాగ్యం భార్యది. మిషనుకు ఎడమ పక్క పీట వేసుకుని ఆవిడ కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది, అప్పుడప్పుడూ తలొంచుకుని ఏదో కుట్టు విప్పుతుంటుంది.

ఒకరోజు బడి లెక్కల మాష్టారు ముప్పై చొక్కాలకు ఆర్డరు పంపాడు. ఉపాధ్యాయుల కొలతలన్నీ రాసిన కాగితం అడుగున, 'ప్రతి జేబు మీదా XL అని పెద్దగా కుట్టాలి' అని ఉంది.

కొలతలాయన పగలబడి నవ్వాడు. "డ్రిల్లు మాష్టారు గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటాడు, ఆయనకీ ఎక్సెల్లేనట! పాపం, లెక్కల మాష్టారికే లెక్క తప్పింది."

"ఓసారి అడిగి చూడొచ్చుగా?" అంది భార్య.

"అడిగి ఆయన పరువు తియ్యమంటావా?"

పెద్ద మనసు చేసుకుని తనే దిద్దేశాడు. ఎవరి ఒంటికి తగ్గ అక్షరం వారి జేబు మీద, ఎర్రదారంతో: S, M, L. నిజంగా భారీగా ఉన్న నలుగురికి మాత్రమే XL.

బడి వేడుక రేపనగా పొద్దున్నే మాష్టారు వచ్చి, పైనున్న చొక్కా విప్పి చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇదేంటండీ! బడికి నలభై ఏళ్లు నిండాయని XL కుట్టమన్నాను. రోమన్ అంకెల్లో నలభై!"

కొలతలాయన రోమన్ అంకెల గోడగడియారం వైపు చూశాడు. "X అంటే పదని నాకూ తెలుసు మాష్టారూ. కానీ L అంటే లార్జే కదా?"

"L అంటే యాభై. మా హెడ్మాస్టరు జేబు మీద M పెట్టారు. అంటే వెయ్యి! ఆయన వయసనుకుంటారు!"

"మరి యాభై, పదీ కలిస్తే అరవై కదండీ?"

"చిన్నది ఎడమ పక్క చేరితే తీసెయ్యాలి. యాభైలోంచి పది తీస్తే నలభై."

"ఇన్నేళ్లుగా X కనబడితే గుడ్డ కలుపుతున్నాను, మీరు తీసెయ్యమంటారేంటి!"

అననైతే అన్నాడు గానీ సంగతి అర్థమైంది. రేపు ఈ జేబులతో ముప్పై మంది వేదికెక్కితే తన పేరు మట్టిలో కలిసినట్టే. "సాయంత్రానికి ఇస్తాను" అని మాష్టారిని సాగనంపాడు. భార్య ఒక్క మాటా దెప్పలేదు. ఆయనకు అదే మరీ కష్టంగా తోచింది. L పక్కన X చేర్చడం తేలికే. S, M ఉన్న పద్దెనిమిదింటికి దారం మొత్తం ఊడదియ్యాలి. గుడ్డ చిరగకుండా ఒక్కో పోగూ ఆవిడ లాగి ఇస్తుంటే ఆయన మళ్లీ కుట్టాడు. పొద్దు వాలేలోపు ముప్పై చొక్కాలూ మాష్టారి చేతికి చేరాయి.

అప్పుడు నోరు విప్పిందావిడ. "మన పెళ్లికీ నలభై నిండాయి, ఈ నెల్లోనే."

ఆయన నాలుక కరుచుకున్నాడు.

"ఎడమ పక్క చేరితే తీసెయ్యాలట. మీకు ఎడమ పక్కనేగా కూర్చున్నాను ఇన్నాళ్లూ. కలిపానా, తీసేశానా?"

ఆయన టేపు తీసి తన నడుముకు చుట్టుకున్నాడు. "పెళ్లికి M, ఇప్పుడు XL. కలిపావు, నీ వంట సాక్షి." కింద రాలిన ఎర్రపోగుల్ని చూశాడు. "తీసేసింది నా తప్పుల్ని. ఇవాళ పద్దెనిమిది. అంతకు ముందు ఎన్నో?"

"లెక్క పెట్టలేదు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే, రోజుకు రెండుసార్లు ఆ గొప్ప నాకెవరు చెబుతారు?" అంది ఆవిడ, పోగులు ఏరుకుంటూ.